అంతర్జాతీయ రిలే పోటీకి జట్టును సిద్ధం చేయడం ఎలా?

2016 రియో ఒలింపిక్స్‌లో పురుషుల 4×100 మీటర్ల రిలే ఫైనల్‌ను జపాన్ జట్టు 37.60 సెకన్లలో ముగించి, జమైకా వెనుక రెండో స్థానంలో నిలిచింది. అప్పటికి ఆ నలుగురిలో ఒక్కరు కూడా 100 మీటర్లను 10 సెకన్లలోపు పరిగెత్తినవారు కారు. వారి వ్యక్తిగత అత్యుత్తమ సమయాలను కూడితే 40.4 సెకన్లకు దగ్గరగా వస్తుంది. అదే ఫైనల్‌లో వారికంటే వేగవంతులతో బరిలోకి దిగిన అమెరికా మూడో స్థానంలో ముగింపు గీత దాటింది. అయితే మొదటి మార్పిడిలో (ఒకరి నుంచి మరొకరికి బ్యాటన్, అంటే రిలే కర్ర, అందే ఘట్టంలో), బ్యాటన్ ఇంకా జోన్‌లోకి, అంటే మార్పిడి జరగవలసిన హద్దులోకి, రాకముందే అందుకునే అథ్లెట్ చేతికి తగిలిందని నిర్వాహకులు తేల్చడంతో ఆ జట్టు అనర్హతకు గురై, పతకాన్ని కోల్పోయింది.

రిలే జట్టును తయారుచేసే కోచ్‌కైనా, అందులో పరిగెత్తే అథ్లెట్‌కైనా ఈ ఒక్క ఫైనల్‌లో కావలసినంత పాఠం ఉంది. బ్యాటన్ ప్రారంభ గీత నుంచి ముగింపు గీతకు ఎంతసేపట్లో చేరిందన్నదే రిలేలో లెక్క. దారిలో అది ఎక్కడ మందగిస్తోందో కనిపెట్టి, ఆ చోటును సరిచేయడమే రిలే శిక్షణ. నలుగురి వేగాన్ని పెంచడానికి ఏళ్లు పడుతుంది. మార్పిడిలో పోతున్న సమయాన్ని మాత్రం కొన్ని వారాల శ్రద్ధతో తిరిగి రాబట్టవచ్చు. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగాన్ని 4×100 మార్పిడికే కేటాయిస్తున్నాను.

జట్టు ఇప్పుడు ఎక్కడ ఉందో కొలవడం

రిలేలో మొదటి అథ్లెట్ తప్ప మిగిలిన ముగ్గురూ అప్పటికే పరుగులో ఉండి బ్యాటన్‌ను అందుకుంటారు కనుక, జట్టు సమయం నలుగురి వ్యక్తిగత సమయాల మొత్తం కంటే తక్కువగా ఉంటుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జమైకా నెలకొల్పిన 36.84 సెకన్ల ప్రపంచ రికార్డును నాలుగుతో భాగిస్తే ఒక్కొక్కరికి 9.21 సెకన్లు వస్తుంది. ఉసేన్ బోల్ట్ వ్యక్తిగత రికార్డు 9.58 కంటే కూడా అది తక్కువ. నలుగురి అత్యుత్తమ సమయాల మొత్తం నుంచి రిలే సమయాన్ని తీసివేస్తే వచ్చే తేడాయే మీ జట్టు మార్పిడులకు మొదటి కొలమానం. రియోలో జపాన్‌కు ఈ తేడా సుమారు 2.8 సెకన్లు. లండన్‌లో జమైకాకు అది 2 సెకన్ల పైచిలుకు మాత్రమే. రికార్డు సృష్టించిన జట్టుకు కూడా మార్పిడుల్లో ఇంకా రాబట్టుకోగల సమయం మిగిలి ఉందన్నమాట. మీ తేడా 2 సెకన్ల లోపు ఉంటే, కొత్త అథ్లెట్ కోసం వెతికే ముందు మార్పిడులను చూడండి.

ఈ లెక్క జట్టు మొత్తానికి సంబంధించినది; మూడు మార్పిడుల్లో ఏది బలహీనంగా ఉందో అది చెప్పదు. దాని కోసం ప్రతి మార్పిడి జోన్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి గుర్తులు పెట్టి, పక్క నుంచి కదలకుండా నిలిపిన కెమెరాతో వీడియో తీయాలి. బ్యాటన్ మొదటి గుర్తును దాటిన క్షణం నుంచి రెండో గుర్తును దాటిన క్షణం వరకు ఎంతసేపు పట్టిందో లెక్కించాలి. అందించే అథ్లెట్ సెకనుకు 10 మీటర్ల వేగంతో జోన్‌లోకి వచ్చి, ఆ వేగం ఏమాత్రం తగ్గకుండా బ్యాటన్ ముందుకు సాగితే, 30 మీటర్ల జోన్‌కు 3 సెకన్లు పడుతుంది. అదే 3.3 సెకన్లు పట్టిందంటే ఆ ఒక్క చోటే 0.3 సెకను పోయింది. అంతర్జాతీయ ఫైనల్‌లో పతకానికీ ఐదో స్థానానికీ మధ్య తేడా తరచుగా అంతకంటే తక్కువే ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్ పురుషుల ఫైనల్‌లో 37.50 సెకన్లలో గెలిచిన ఇటలీకీ, ఆ రోజు రెండో స్థానంలో గీత దాటిన బ్రిటన్‌కూ మధ్య తేడా 0.01 సెకను మాత్రమే.

ఎవరు ఏ లెగ్ (రిలేలో ఒకరి వంతు పరుగు) పరిగెత్తాలి?

2017 చివర్లో నిబంధన మారినప్పటి నుంచి 4×100 మార్పిడి జోన్ పొడవు 30 మీటర్లు. అంతకు ముందు జోన్ 20 మీటర్లు ఉండి, దాని వెనుక వేగం పుంజుకోవడానికి వేరుగా 10 మీటర్లు ఉండేవి. ఇప్పుడు ఆ రెండూ ఒకటయ్యాయి. జోన్ 100 మీటర్ల గుర్తుకు 20 మీటర్ల ముందు మొదలై, దాన్ని దాటిన 10 మీటర్లకు ముగుస్తుంది. అందుకునే అథ్లెట్ ఈ జోన్ లోపలి నుంచే పరుగు మొదలుపెట్టాలి.

ఈ కొలతల నుంచి ఒక ముఖ్యమైన లెక్క పుడుతుంది. ప్రతి మార్పిడి జోన్‌లో 25వ మీటరు దగ్గర జరుగుతుందనుకుందాం. అప్పుడు మొదటి అథ్లెట్ 105 మీటర్లు పరిగెత్తుతారు. రెండో అథ్లెట్ 80వ మీటరు దగ్గర కదిలి 205వ మీటరు దగ్గర బ్యాటన్ ఇస్తారు కనుక ఆయన పరుగు 125 మీటర్లు. మూడో అథ్లెట్‌ది కూడా అంతే. నాలుగో అథ్లెట్ మొత్తం 120 మీటర్లు పరిగెత్తినా, బ్యాటన్ చేతిలో ఉండేది 95 మీటర్లే. కనుక పేరుకు అందరిదీ 100 మీటర్లే అయినా, రెండో, మూడో లెగ్‌లకు 200 మీటర్ల పరుగులో దిట్టలైనవారు కావాలి. చివరి 20 మీటర్లలో మందగించే స్వభావం ఉన్నవారిని అక్కడ పెడితే, వారు అలసిపోయే చోటే మార్పిడి జరుగుతుంది.

మొదటి లెగ్‌కు స్టార్టింగ్ బ్లాక్స్ నుంచి చురుగ్గా లేచి, వంపులో బాగా పరిగెత్తగలవారు సరిపోతారు. వారు బ్యాటన్ ఇస్తారే గాని తీసుకోవలసిన పని ఉండదు. చివరి అథ్లెట్ తీసుకుంటారే గాని ఇవ్వవలసిన పని లేదు. మధ్య ఇద్దరికీ రెండు పనులూ రావాలి. మూడో లెగ్ పూర్తిగా వంపులోనే సాగుతుంది కనుక, వంపులో వేగం నిలుపుకోగలిగి, ఒత్తిడిలోనూ చేయి వణకనివారిని అక్కడ ఉంచాలి. జట్టులో అందరికంటే వేగవంతులను అలవాటుగా చివరి లెగ్‌కు పంపడం చాలా చోట్ల కనిపిస్తుంది. బ్యాటన్‌ను అతి తక్కువ దూరం మోసేది ఆ లెగ్‌లోనే అన్న సంగతిని ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు గుర్తుంచుకోవాలి. వెనుక నుంచి వచ్చి దాటేయగల పోరాటపటిమ ఉన్నవారైతే అది సరైన చోటే. కేవలం 100 మీటర్ల సమయం చూసి మాత్రం అక్కడ పెట్టకూడదు.

ఒకసారి కుదిరిన వరుసను వీలైనంత కాలం కదపకపోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆరన్ బ్రౌన్, జెరోమ్ బ్లేక్, బ్రెండన్ రోడ్నీ, ఆండ్రె డి గ్రాస్ అనే నలుగురితో కెనడా 2022 యూజీన్ ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో అమెరికాను వారి సొంత గడ్డపై ఓడించి స్వర్ణం గెలిచింది; రెండేళ్ల తర్వాత 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ అదే నలుగురితో, 37.50 సెకన్లలో స్వర్ణం సాధించింది. ఆ పారిస్ ఫైనల్‌లోనే అమెరికా మొదటి మార్పిడిలో తడబడి అనర్హతకు గురైంది. ఏళ్ల తరబడి ఒకే చేతి నుంచి బ్యాటన్ అందుకున్న అథ్లెట్‌కు, ఆ చేయి ఎప్పుడు ఎక్కడికి వస్తుందో చూడకుండానే తెలిసిపోతుంది.

చెక్ మార్క్ పెట్టడం

4×100లో అందుకునే అథ్లెట్ వెనక్కి చూస్తూ పరిగెత్తరు. అందించే అథ్లెట్ ట్రాక్ మీద ముందుగా అంటించిన ఒక గుర్తును దాటగానే అందుకునేవారు ముందుకు తిరిగి, పూర్తి బలంతో పరుగు అందుకుంటారు. ఆ గుర్తే చెక్ మార్క్. తమ లేన్ లోపల ఒకే ఒక్క గుర్తును, 5 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు మించని టేపుతో పెట్టుకోవడానికి నిబంధనలు అనుమతిస్తాయి. సుద్దతో గీయడం కుదరదు.

ఆ గుర్తు ఎంత దూరంలో ఉండాలో ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. అందుకునే అథ్లెట్‌కు నిలబడిన చోటు నుంచి 25 మీటర్లు చేరడానికి 3.4 సెకన్లు పడుతుందనీ, అందించే అథ్లెట్ లెగ్ చివర్లో సెకనుకు 9.5 మీటర్ల వేగంతో వస్తారనీ అనుకుందాం. ఆ 3.4 సెకన్లలో అందించే అథ్లెట్ 32.3 మీటర్లు ముందుకు వస్తారు. ఇద్దరూ చేతులు చాచినప్పుడు వారి శరీరాల మధ్య కనీసం 1 మీటరు ఎడం ఉంటుంది. ఆ 1 మీటరును ఎవరూ పరిగెత్తనక్కర లేదు, బ్యాటన్ దానికదే దాటేస్తుంది. కనుక ఆ సమయంలో అందించే అథ్లెట్ పరిగెత్తవలసింది గుర్తుకూ సహచరుడు నిలబడిన చోటుకూ మధ్య ఉన్న దూరం, దానికి తోడు 24 మీటర్లు. 32.3 నుంచి 24 తీసివేస్తే 8.3 మీటర్లు. 30 సెంటీమీటర్ల షూతో పాదం వెంట పాదం పెట్టి కొలిస్తే అది దాదాపు 28 అడుగులు.

ఈ లెక్క ఆరంభానికి మాత్రమే పనికొస్తుంది. అసలు దూరాన్ని ట్రాక్ చెబుతుంది. పూర్తి వేగంతో పరిగెత్తి చూసినప్పుడు అందించే అథ్లెట్ తన సహచరుణ్ణి అందుకోలేక జోన్ చివరికి చేరిపోతే, ఆ సహచరుడు ముందుగానే కదిలాడని అర్థం. గుర్తును ఒక అడుగు దగ్గరికి జరపాలి. అందించే అథ్లెట్ సహచరుడి వీపు మీదికి వచ్చేస్తుంటే గుర్తును ఒక అడుగు దూరం జరపాలి. ఒక్కసారికి ఒక అడుగుకు మించి మార్చకండి. ఇద్దరిలో ఒకరు సగం బలంతో పరిగెత్తిన ప్రయత్నాన్ని చూసి అసలే మార్చకండి. రిలే సాధనలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి: సాధనలో అందించే అథ్లెట్ 30 మీటర్ల దూరం నుంచి తాజా కాళ్లతో వస్తారు, దానికి తగ్గట్టు గుర్తు పెడతారు, తీరా పోటీ రోజున 100 మీటర్లు పరిగెత్తి అలసిన కాళ్లతో వచ్చేసరికి అందుకునే అథ్లెట్ చేతికి చిక్కనంత దూరం వెళ్లిపోయి ఉంటారు. కనీసం 60 మీటర్ల దూరం నుంచి పూర్తి వేగంతో వచ్చిన పరుగునే లెక్కలోకి తీసుకోవాలి. పోటీకి ముందు వారాల్లో కొన్నిసార్లు పూర్తి లెగ్ పరిగెత్తించి చూడాలి.

గుర్తును దాటే క్షణాన్ని చూసే అథ్లెట్ నిలబడే తీరు కూడా ముఖ్యమే. పాదాలు పరుగు దిశలో ఉండాలి, ముందు కాలి మీద బరువు ఉండాలి, తల ఒక్కటే భుజం మీదుగానో, వంచిన చేతి కిందుగానో వెనక్కి తిరగాలి. వచ్చే అథ్లెట్ ముఖాన్ని చూడకూడదు. చూపు గుర్తు మీదే నిలిచి ఉండాలి. ఆ టేపును పాదం దాటిన క్షణమే కదలాలి. ముఖం చూసేవారు పక్క లేన్ల ఉరవడికి లొంగి ముందుగానే కదిలిపోతారు. ఎదురుగాలి వీస్తూ, అందించే అథ్లెట్ వేగం తగ్గే అవకాశం ఉంటే, పోటీ రోజున గుర్తును అర అడుగు నుంచి ఒక అడుగు వరకు దగ్గరికి తెచ్చుకోవచ్చు.

చేతి నుంచి చేతికి

బ్యాటన్ నునుపుగా, గుండ్రంగా, లోపల బోలుగా ఉండే గొట్టం. పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు, వెలుపలి వ్యాసం 4 సెంటీమీటర్లకు అటూ ఇటూ, బరువు 50 గ్రాములకు తగ్గకూడదు. పట్టు కోసం చేతులకు తొడుగులు వేసుకోవడానికి గాని, జిగురు వంటివి పూసుకోవడానికి గాని వీలులేదు. సాధనలో కూడా పోటీల్లో ఇచ్చే బ్యాటన్ వంటిదే వాడండి. తేలికపాటి ప్లాస్టిక్ గొట్టంతో అలవాటుపడిన చేతికి అసలు బ్యాటన్ కొత్తగా ఉంటుంది.

మొదటి అథ్లెట్ కుడి చేత్తో, రెండో అథ్లెట్ ఎడమ చేత్తో, మూడో అథ్లెట్ కుడి చేత్తో, నాలుగో అథ్లెట్ ఎడమ చేత్తో బ్యాటన్ పట్టుకోవడం సాధారణ పద్ధతి. ఇలా చేస్తే వంపులో పరిగెత్తేవారు లేన్ లోపలి అంచును అంటిపెట్టుకోగలరు, నేరు దారిలో పరిగెత్తేవారు వెలుపలి వైపు ఉంటారు, ఇద్దరూ ఒకరి మడమలను ఒకరు తొక్కుకోరు. మధ్యలో ఎవరూ చేయి మార్చుకోవలసిన అవసరం ఉండదు.

అందించే పద్ధతులు ప్రధానంగా మూడు. కింది నుంచి పైకి ఇచ్చే పద్ధతిలో అందుకునే చేయి తుంటికి దగ్గరగా, అరచేయి కిందికి తిరిగి ఉంటుంది. పరుగు తీరు ఎక్కువగా చెదరకపోవడం దీని బలం. ప్రతి మార్పిడికీ పట్టుకోవడానికి మిగిలే బ్యాటన్ కొస తగ్గుతూ పోవడం దీని లోపం. రియోలో రజతం గెలిచిన జపాన్ జట్టు దీన్నే ఎంచుకుంది. పై నుంచి కిందికి ఇచ్చే పద్ధతిలో అరచేయి పైకి తిరిగి ఉంటుంది, చేతులు బాగా చాస్తారు కనుక ఇద్దరి మధ్య ఎడం ఎక్కువగా లభిస్తుంది. మూడోది బ్యాటన్‌ను నిలువుగా పట్టుకుని, భుజం ఎత్తులో చాచిన అరచేతిలోకి నేరుగా నెట్టే పద్ధతి. కొత్త జట్టుకు నేను మూడోదాన్నే సూచిస్తాను. అందులో అరచేయి మొత్తం బ్యాటన్‌కు ఎదురుగా నిలుస్తుంది కనుక గురి తప్పే అవకాశం తక్కువ.

ఏ పద్ధతైనా ఇద్దరి బాధ్యతలు వేరువేరుగా, స్పష్టంగా ఉండాలి. అందుకునే అథ్లెట్ పని చేతిని వెనక్కి చాచి, బొటనవేలును మిగతా వేళ్ల నుంచి బాగా ఎడం చేసి, బ్యాటన్ తగిలే వరకు కదలకుండా నిలపడం. దాన్ని వెతుకుతూ చేయి ఊపితే, గురి పెట్టిన చోటు మాయమవుతుంది. అందించే అథ్లెట్ పని ఆ అరచేతిని చూసి బ్యాటన్‌ను అందులో ఉంచడం, వేళ్లు మూసుకున్నాయని తెలిసే వరకు వదలకపోవడం, వదిలే వరకు వేగం తగ్గించకపోవడం. 2008 బీజింగ్ ఒలింపిక్స్ తొలి రౌండ్‌లో అమెరికా పురుషుల జట్టూ, మహిళల జట్టూ చివరి మార్పిడిలోనే బ్యాటన్ జారవిడిచి ఇంటిదారి పట్టాయి. ప్రపంచంలో అత్యంత వేగవంతులైన అథ్లెట్లకు కూడా ఈ చిన్న పని దానంతటదే రాదు.

చేయి చాచమని చెప్పే కేక ఒక్క మాటగా, గట్టిగా ఉండాలి. వేలమంది ప్రేక్షకుల హోరులో, పక్క లేన్లలో మరో ఏడు జట్లు దాదాపు ఒకే క్షణంలో కేకలు వేస్తుంటాయి. మీ జట్టు మాట వారెవరూ వాడనిదై ఉండాలి. కేక వినగానే చేయి వెనక్కి రావాలి. రెండు మూడు అంగల్లో బ్యాటన్ చేతిలో ఉండాలి. కేకకు ముందే చేయి చాచి పరిగెత్తేవారు ఆ చేతి ఊపును కోల్పోయి వేగం పుంజుకోలేరు.

సాధనను నడకతో మొదలుపెట్టి, నలుగురూ ఒక వరుసలో నెమ్మదిగా పరిగెత్తుతూ బ్యాటన్ మార్చుకోవడం, ఆ తర్వాత ఇద్దరిద్దరుగా మధ్యస్థ వేగంతో, చివరికి జోన్‌లో పూర్తి వేగంతో చేయడం సరైన క్రమం. పూర్తి వేగపు మార్పిడులను ఒక పూటలో ఐదారుకు మించి చేయించవద్దు. ఆపైన చేసేవి అలసిన కాళ్ల మార్పిడులు. వాటిని చూసి గుర్తులు జరిపితే మర్నాడు మళ్లీ మొదటికి వస్తుంది.

అనర్హత ఎక్కడ పొంచి ఉంటుంది?

మార్పిడి జోన్ లోపల జరిగిందా లేదా అన్నది బ్యాటన్ ఉన్న చోటును బట్టి నిర్ణయిస్తారు. అథ్లెట్ల పాదాలు ఎక్కడున్నాయన్నది లెక్కలోకి రాదు. అందుకునే చేయి బ్యాటన్‌ను తాకిన క్షణం మార్పిడి మొదలైనట్టు, ఆ చేతిలో మాత్రమే ఉన్న క్షణం ముగిసినట్టు. రెండు క్షణాలూ జోన్ లోపలే ఉండాలి. 1912 స్టాక్‌హోమ్‌లో పురుషుల 4×100 రిలే ఒలింపిక్స్‌లో తొలిసారి జరిగినప్పుడే సెమీఫైనల్‌లో అమెరికా, ఫైనల్‌లో జర్మనీ జోన్ తప్పి అనర్హతకు గురయ్యాయి. నూరేళ్లు దాటినా ఆ తప్పు తగ్గలేదు.

బ్యాటన్ కింద పడితే, పడేసిన అథ్లెటే దాన్ని తీసుకోవాలి. అందుకోసం తన లేన్ దాటి వెళ్లవచ్చు గాని, పరిగెత్తవలసిన దూరం తగ్గకూడదు, ఎవరికీ అడ్డు రాకూడదు. బ్యాటన్ ఇచ్చేసిన అథ్లెట్ మిగిలినవారంతా దాటే వరకు తన లేన్‌లోనే ఉండాలి. అలసటతో పక్కకు ఒరిగిపోవడం సహజం కనుక, దీన్ని సాధనలోనే అలవాటు చేయాలి.

పడిపోయినా పరుగు పూర్తి చేయాలన్న నియమాన్ని జట్టులో అందరికీ నూరిపోయండి. రియోలో అమెరికా మహిళల జట్టు హీట్‌లో (తొలి రౌండ్ పరుగులో) ఆలిసన్ ఫెలిక్స్‌కు పక్క లేన్ అథ్లెట్ తగలడంతో రెండో మార్పిడిలో బ్యాటన్ పడిపోయింది. వారు దాన్ని తీసుకుని, ఎంత ఆలస్యమైనా పరుగు ముగించారు. ఆ తర్వాత అప్పీలు నెగ్గి, అదే రోజు ట్రాక్ మీద ఒంటరిగా మళ్లీ పరిగెత్తి ఫైనల్‌కు చేరి, ఆ ఫైనల్‌లో 41.01 సెకన్లతో స్వర్ణం గెలిచారు. ఫలితాన్ని అధికారికంగా ప్రకటించాక అభ్యంతరం తెలపడానికి ఉండే గడువు 30 నిమిషాలే కనుక, వీడియో చూసి రాతపని చేయగల వ్యక్తిని ముందే నియమించుకోవాలి.

4×400: చూసి అందుకునే రిలే

ఇక్కడ జోన్ 20 మీటర్లు. అందించే అథ్లెట్ చివరి 50 మీటర్లలో ఎంతగా మందగిస్తారో ఎవరూ ముందే చెప్పలేరు కనుక, అందుకునేవారు వెనక్కి చూస్తూనే బయలుదేరి, వచ్చేవారి వేగాన్ని తామే అంచనా వేసుకుని, బ్యాటన్‌ను దాదాపు లాక్కోవాలి. ఎడమ చేత్తో, మైదానం లోపలి వైపు తిరిగి అందుకుని, తర్వాత కుడి చేతికి మార్చుకోవడం ఎక్కువ మంది అనుసరించే పద్ధతి. ఇక్కడ బాధ్యత అంతా అందుకునేవారిదే.

మొదటి అథ్లెట్ మొత్తం చుట్టు తన లేన్‌లోనే పరిగెత్తుతారు. రెండో అథ్లెట్ మొదటి వంపు దాటాకే లోపలి లేన్‌లోకి రావచ్చు. మూడో, నాలుగో లెగ్‌ల కోసం ఎదురుచూసేవారు, తమ సహచరులు 200 మీటర్ల బిందువును ఏ వరుసలో దాటారో అదే వరుసలో లోపలి నుంచి బయటికి నిలబడాలి. ఆ తర్వాత సహచరుడు స్థానం మారినా వీరు చోటు మారడానికి వీలులేదు. భుజాలు రాసుకునే ఈ గుంపులో బ్యాటన్ పోగొట్టుకోకుండా ఉండాలంటే, సాధనలో ఆరుగురిని అడ్డంగా నిలబెట్టి మార్పిడి చేయించాలి.

లెగ్‌ల వరుసలో సాహసం ఫలించిన గొప్ప ఉదాహరణ 1991 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్స్. ఆ పోటీల్లో 400 మీటర్ల రజతం గెలిచిన రోజర్ బ్లాక్‌ను అందరూ చివరి లెగ్‌లో ఊహిస్తుండగా, బ్రిటన్ ఆయనను మొదటి లెగ్‌లో దించింది. అమెరికాకు ఆధిక్యం దొరక్కుండా ఆయన చేశారు, చివర్లో హర్డిల్స్ పరుగు వీరుడు క్రిస్ అకబూసీ అమెరికా అథ్లెట్‌ను దాటేశారు: 2:57.53, అమెరికాకు 2:57.57. రెండో అథ్లెట్ లోపలి లేన్‌లోకి వచ్చే సరికి ముందున్న జట్టుకు దారి ఖాళీగా ఉంటుంది, వెనుకనున్నవారు బయటి నుంచి చుట్టి రావాలి. అందుకే బలమైన మొదటి లెగ్‌కు అంత విలువ. 2023 బుడాపెస్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్స్ హీట్‌లో భారత పురుషులు 2:59.05తో ఆసియా రికార్డు నెలకొల్పి, అమెరికా వెంటే రెండో స్థానంలో నిలిచారు. వ్యక్తిగతంగా 400 మీటర్ల ఫైనలిస్టులు లేకపోయినా నలుగురూ సమవుజ్జీలైతే 4×400లో ఎంత దూరం వెళ్లవచ్చో ఆ పరుగు చూపించింది.

మిశ్రమ 4×400లో ఇప్పుడు పురుషుడు, మహిళ, పురుషుడు, మహిళ అన్న వరుస ఖాయం. 2019 దోహా ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో ఈ వరుస జట్ల ఇష్టానికే ఉండేది. ఫైనల్‌లో ఇద్దరు పురుషులను ముందే దింపిన పోలండ్ పెద్ద ఆధిక్యం సంపాదించి, చివర్లో దాన్ని నిలుపుకోలేకపోయింది. వరుస ఖాయమయ్యాక నిర్ణయించవలసింది ఇద్దరు మహిళల్లో ఎవరు ముగించాలన్నదే. 2024 పారిస్‌లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫెమ్కె బోల్ నాలుగో స్థానంలో బ్యాటన్ అందుకుని స్వర్ణం తెచ్చిన తీరు ఆ నిర్ణయం ఎంత బరువైనదో చెబుతుంది.

అర్హత, పోటీ రోజు

ఒలింపిక్స్‌లో ఒక్కో రిలేకు 16 జట్లే ఉంటాయి. పారిస్‌కు అందులో 14 బెర్తులను 2024 మేలో బహామాస్‌లోని నసావులో జరిగిన వరల్డ్ రిలేస్ నిర్ణయించింది; మిగిలిన రెండు సమయాల జాబితా ద్వారా దక్కాయి. 2014లో అదే నసావులో మొదలైన ఈ పోటీయే ఇప్పుడు రిలే జట్లకు ప్రధాన ద్వారం. మొదటి రోజు హీట్లలో మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారికి బెర్తు, మిగిలినవారికి రెండో రోజు మరో అవకాశం. ఆ ఏడాది భారత పురుషుల 4×400 జట్టు, మొదటి రోజు రెండో లెగ్ అథ్లెట్ మధ్యలోనే ఆగిపోవడంతో పరుగు పూర్తి చేయలేకపోయింది. మర్నాడు మరొకరిని తీసుకుని పరిగెత్తి పారిస్ బెర్తు సాధించింది. కాబట్టి మీ సన్నాహాల్లో అత్యున్నత స్థితి ఒలింపిక్స్ నెలలో మాత్రమే కాక, అర్హత పోటీ జరిగే వారాంతంలో కూడా ఉండేలా ఏడాదిని విభజించుకోవాలి, ప్రత్యామ్నాయ అథ్లెట్లను కూడా వెంట తీసుకువెళ్లాలి.

జట్టు పేర్లనూ, పరిగెత్తే వరుసనూ, అథ్లెట్లను పోటీకి రమ్మనే మొదటి పిలుపు సమయానికి కనీసం గంట ముందు నిర్వాహకులకు ఇవ్వాలి. ఆ తర్వాత అకస్మాత్తుగా కాలు పట్టేసినా మార్పు సులభం కాదు కనుక, వార్మప్‌లో అనుమానం ఉన్న అథ్లెట్‌ను ఆ గంట దాటే వరకు మోయకండి. కాల్ రూమ్‌లో (పోటీకి ముందు అథ్లెట్లను ఉంచే గదిలో) నిరీక్షణ, అక్కడి నుంచి నలుగురూ నాలుగు వైపులకు విడిపోయి తమ తమ జోన్లకు వెళ్లడం, గుర్తు కొలుచుకోవడానికి దొరికే కొద్ది నిమిషాలు, ఇవన్నీ సాధనలో ఒకసారైనా యథాతథంగా చేయించాలి.

ప్రత్యామ్నాయ అథ్లెట్ విషయంలో చాలా జట్లు చేసే నిర్లక్ష్యం ఒకటుంది. హీట్‌కూ ఫైనల్‌కూ మధ్య ఎవరినైనా మారిస్తే, ఆయన లెగ్‌కు ముందున్నవారితోనూ తర్వాతివారితోనూ కొత్త గుర్తులు కావాలి. అందువల్ల ప్రత్యామ్నాయ అథ్లెట్ ఏ రెండు లెగ్‌లకు సిద్ధమో ముందే నిర్ణయించి, ఆ పొరుగువారందరితో పూర్తి వేగంతో సాధన చేయించి, ప్రతి జంటకూ కుదిరిన దూరాన్ని పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. రాసేటప్పుడు అడుగుల లెక్కతో పాటు మీటర్లలో కూడా రాయండి; 28 అడుగులు ఎవరి షూతో కొలిచినవో చెప్పకపోతే, పొడవైన పాదమున్న మరో అథ్లెట్ కొలిచినప్పుడు గుర్తు అర మీటరు పక్కకు పోతుంది.